‘వ్యాధిగ్రస్తురాలు’ అనాలా, ‘ఒంట్లో బాగోదు’ అంటే చాలదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయికి 34 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. తన చిన్ననాటి సంగతులూ, ఆసుపత్రి రోజులూ, మమ్మల్ని నవ్వించిన మాటలూ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. టైపు చేసిపెట్టిన మా మరిది కొడుకు ‘మా గుంటకి ఒంట్లో బాగోదు’ అన్నచోటల్లా ‘నా కుమార్తె దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తురాలు’ అని మార్చాడు. పైన ‘మా అమ్మాయి స్మృతులు’ అని పేరు పెట్టాడు. పుస్తక భాష అలాగే ఉండాలంటాడు. అమ్మాయి ఒడియా మీడియంలో చదివింది, తెలుగు చదవడం రాదు. నేనే చదివి వినిపించాలి. ఏది సరైనది?

సమాధానం: అమ్మా, మీరు రాసిందే సరైనది. మీ మరిది కొడుకు మార్చినవి తప్పు మాటలు కావు గానీ, మీరు చెప్పదలచిన సంగతి వాటిలో లేదు.

‘గ్రస్త’ అంటే మింగబడిన అని. పంచాంగంలో ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని చూసే ఉంటారు, ఆ మాటే ఇది. వ్యాధిగ్రస్తురాలు అంటే జబ్బు మింగేసిన మనిషి. కొందరు తేలిగ్గా వాడేసే ‘రోగిష్టి’ కూడా నాకు నచ్చదు. కోపిష్టి, పాపిష్టి అన్నప్పుడు ఆ గుణాన్ని మనిషికే అంటగడతాం. రోగిష్టి కూడా ఆ వరసలోదే.

ఇంట్లో మాట్లాడే తెలుగు అలా చెయ్యదు. ‘పిల్లకి జ్వరం వచ్చింది’ అంటాం. జ్వరం ఎక్కణ్ణించో వచ్చింది, పోతుంది, పిల్ల పిల్లే. ‘ఒంట్లో బాగోదు’ అన్నా అంతే. బాగోనిది ఒంట్లో, మనిషిలో కాదు.

ఇంకో సంగతి చూడండి. మీరు ‘బాగోలేదు’ అనకుండా ‘బాగోదు’ అన్నారు. ‘ఆయన మాంసం తినలేదు’ అంటే ఆ పూట సంగతి, ‘తినడు’ అంటే ఎప్పటి అలవాటో. అలాగే ‘బాగోలేదు’ ఇవాళ్టి మాట, ‘బాగోదు’ ఏళ్ల తరబడి ఉన్న మాట. ‘దీర్ఘకాలిక’ అనే అంత పెద్ద విశేషణం చేసే పనిని మీ క్రియాపదం ఒక్క అక్షరం తేడాతో చేసేసింది. డాక్టరు కాగితంలో, దరఖాస్తులో ‘దీర్ఘకాలిక వ్యాధి’ ఉండాల్సిందే. అమ్మ రాసుకున్న పుస్తకంలో అక్కర్లేదు.

ఇక ‘గుంట’. ఉత్తరాంధ్రలోనూ, మీ వైపూ ఆడపిల్లని గుంట అనడం, పిల్లల్ని గుంటలు అనడం మామూలే. తక్కిన జిల్లాల వాళ్ల చెవికి అది మోటుగా తగలొచ్చు, కొందరికి గొయ్యి గుర్తుకు రావచ్చు. మొదటిసారి ‘మా గుంట, అదే మా అమ్మాయి’ అని రాస్తే వాళ్లకీ తెలిసిపోతుంది. జనం నోట ఉన్న తెలుగే చదువులోనూ రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మీ పర్లాకిమిడిలోనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసింది, అయినా మీ ఇంట్లో ఆ తెలుగు నిలిచింది. దాన్ని మీ చేత్తో మీరే కొట్టెయ్యకండి.

మీరు పంపిన పేజీలో ఈ వాక్యం ఉంది: ‘నెప్పులు లేచిన రాత్రి కూడా వేడినీళ్ల సంచీ మోకాళ్ల మీద పెట్టుకుని ట్యూషను పిల్లల ఖాతాలు దిద్దింది.’ టైపు కాపీలో నెప్పులు ‘వేదన’ అయ్యాయి, ఖాతాలు ‘అభ్యాస పుస్తకాలు’ అయ్యాయి. రెండూ వెనక్కి మార్చేయండి. నోటుపుస్తకాన్ని ఖాతా అనడం ఒడియా నుంచి వచ్చిందే, కానీ ఆవిడ దిద్దినవి ఖాతాలే కదా. బయటివాళ్లు బ్యాంకు ఖాతా అనుకోకుండా పక్కన ‘పిల్లల’ అన్న మాట ఉండనే ఉంది.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది పేరు. స్మృతి అంటే జ్ఞాపకమే, నిఘంటువు ప్రకారం ఏ దోషమూ లేదు. కానీ స్మృతివనం, స్మృత్యంజలి, సంస్మరణ సభ అని వినీ వినీ, ఒక మనిషి పేరు పక్కన ఆ మాట కనబడితే ఆ మనిషి లేరేమోనని గుండె ఝల్లుమంటుంది. మీ ఉత్తరం అందినప్పుడు నేనూ ముందు అలాగే అనుకున్నాను. రెండో పేజీలో ‘ఇప్పుడే టీ పెట్టి తెచ్చింది’ అని చదివాక గానీ ఊపిరి ఆడలేదు. ‘జ్ఞాపకాలు’కి ఆ ఇబ్బంది అంతగా లేదు. నన్నడిగితే ‘మా గుంట ముచ్చట్లు’ అని పెట్టండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ మొహం చూస్తూ పైకి చదవాల్సింది మీరే కదమ్మా.