బడి విడిచిన పంతులు, గేటు విడవని పంతుళ్లు

ప్రశ్న: మాస్టారూ, మొన్న ఆదివారం ప్రసంగంలో మా పాస్టరుగారు ఇరాన్‌లో ప్రాణమిచ్చిన బాస్కర్‌విల్ అనే మిషన్ ఉపాధ్యాయుడి గురించి చెప్పారు. ఇంటికి వచ్చాక మా వారు “పాఠం చెప్పడానికి వెళ్లినవాడు తుపాకి పట్టడమేమిటి?” అన్నారు. నాకేమో అతను చేసింది సరైనదే అనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాకే ఈ తగవు తేలలేదు. పైగా మధ్యలో నేను పక్షం మార్చాను.

హోవర్డ్ బాస్కర్‌విల్ పాస్టరు కొడుకు. ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించి 1907లో, 22 ఏళ్ల వయసులో ఇరాన్‌లోని తబ్రీజ్ నగరం చేరాడు. అక్కడి అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ బడిలో రెండేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం. ఇంగ్లిషు, చరిత్ర చెప్పేవాడు. అప్పటికి ఇరాన్‌కు రాజ్యాంగం వచ్చి ఏడాది కూడా నిండలేదు. అది గిట్టని ఇరాన్ రాజు మహమ్మద్ అలీ షా 1908 జూన్‌లో టెహరాన్‌లోని పార్లమెంటు భవనాన్ని ఫిరంగులతో కొట్టించాడు. తబ్రీజ్ మాత్రం లొంగలేదు. ఆ ఊరిని నిలబెట్టినవాళ్లు సేనాపతులు కారు. సత్తార్ ఖాన్ గుర్రాల వ్యాపారి, బాఘెర్ ఖాన్ తాపీ పనివాడు. షా సేనలు ఊరి చుట్టూ దారులన్నీ మూసేశాయి. 1909 వసంతానికి తబ్రీజ్‌లో రొట్టె కరువై జనం గడ్డి తినే స్థితికి వచ్చారు.

మిషన్ నియమం ఒక్కటే: ఏ పక్షమూ పట్టకూడదు. బాస్కర్‌విల్ వల్ల కాలేదు. బడికి రాజీనామా ఇచ్చి, కుర్రవాళ్లను పోగుచేసి కవాతు నేర్పడం మొదలుపెట్టాడు. అతనితోపాటు ఆ పనికి దిగిన బ్రిటిష్ విలేఖరి ఆర్థర్ మూర్ తరువాతి కాలంలో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు సంపాదకుడయ్యాడు. అమెరికా కాన్సుల్ పిలిచి వద్దన్నా బాస్కర్‌విల్ వినలేదు. ఏప్రిల్ మూడో వారంలో ముట్టడిని ఛేదించడానికి కొద్దిమందితో బయలుదేరి, తుపాకి గుండుకు కూలిపోయాడు. అప్పటికి 24 నిండి కొద్ది రోజులే. అంతిమయాత్రలో వేల మంది నడిచారు. ఊరి రాజ్యాంగ భవనంలో ఈనాటికీ అతని విగ్రహం ఉంది.

అయితే ముట్టడిని ఛేదించింది అతను కాదు. అతను పోయిన పది పన్నెండు రోజుల్లోపే రష్యా సైన్యం వచ్చి దారులు తెరిచింది. ఊరికి రొట్టె దొరికింది, రష్యన్లు మాత్రం కదలలేదు. 1911 డిసెంబరులో రాజ్యాంగవాదులను ఉరి తీసింది వాళ్లే. బాస్కర్‌విల్ బతికి ఉంటే ఆ ఉరికొయ్యలను చూసి ఏమనేవాడో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

1972లో జై ఆంధ్ర ఉద్యమమప్పుడు నేను గుంటూరులో కొత్త లెక్చరర్ని. విద్యార్థులతో ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేలా అరిచాను. కాలేజీకి తాళం పడిన ఆ నెలల్లో మా ఇంటి పక్క ఎలిమెంటరీ బడి హెడ్మాస్టరుగారు మాత్రం ఇంటి అరుగు మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పేవారు. మేము నవ్వుకునేవాళ్లం. ఆ రోజుల్లో నా గదిలో ఫొటో పెట్టుకోవాలంటే బాస్కర్‌విల్‌దే పెట్టుకునేవాణ్ణి. అతన్ని బడిలో ఉండమన్న మిషన్ పెద్ద శామ్యూల్ విల్సన్ దొరను పిరికివాడి కింద జమకట్టేవాణ్ణి. ఆ విల్సన్ 1880 నుంచీ తబ్రీజ్‌లో ఉన్న మనిషి. 1916లో చనిపోయింది కూడా ఆ ఊళ్లోనే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా పక్షాన్ని మార్చింది మాత్రం ఊర్మియా. తబ్రీజ్‌కు పడమరగా, ఉప్పు సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్న ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న 1915 జనవరిలో రష్యా సైన్యం హఠాత్తుగా వెనక్కి వెళ్లింది, ఒట్టోమన్ (టర్కీ) బలగాలు వచ్చిపడ్డాయి. పల్లెల్లోని అస్సీరియన్, అర్మేనియన్ క్రైస్తవులు ప్రాణాలు అరచేత పట్టుకుని అమెరికన్ మిషన్ ప్రాంగణంలోకి పరుగెత్తారు. దాదాపు 15,000 మంది! తరగతి గదుల్లో, వసారాల్లో, చర్చిలో కాళ్లు చాపుకునే చోటు లేదు. పంతుళ్లూ పంతులమ్మలూ రొట్టెలు పంచారు, రోగుల పక్కన కూర్చున్నారు, శవాలను మోయించారు. అయిదు నెలల్లో జ్వరాలకూ విరేచనాలకూ సుమారు 4,000 మంది పోయారు. సేవ చేసినవాళ్లూ మంచాన పడ్డారు. కొందరు లేవలేదు.

మరి ఆ గేటు దాటి సైనికులు ఎందుకు చొరబడలేదు? గేటు మీద అమెరికా జెండా ఉంది, అమెరికా అప్పటికి ఏ పక్షమూ పట్టలేదు. నేను పిరికితనమనుకున్న ఆ నియమమే ఆ గోడలను నిలబెట్టింది. లోపల ఒక్క పంతులు తుపాకి పట్టినా ఆ జెండా ఉత్త గుడ్డముక్క అయ్యేది.

అందుకని బాస్కర్‌విల్‌ను తప్పుపట్టమని నేననను. రాజీనామా ఇచ్చాకే వెళ్లాడు, మిషన్ పేరు చాటున ఉండి కాల్చలేదు. మీ వారికి ఆ ముక్క తప్పకుండా చెప్పండి. ఇక మీ పాస్టరుగారు కనిపిస్తే ఊర్మియా సంగతి అడగండి. ఇన్నేళ్లలో ఎన్నో ఆదివారం ప్రసంగాలు విన్నాను, ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్ల ప్రస్తావన ఒక్కసారీ రాలేదు.