పెంపుడు కుందేళ్ళను పిల్లలకు ఎలా అలవాటు చేయాలి?

సందేహం: మాది నంద్యాల జిల్లాలోని ఒక పల్లె. మాంసానికి, కూనల అమ్మకానికి పెంచుదామని న్యూజిలాండ్ వైట్ కుందేళ్ళు రెండు ఆడవి, ఒక మగది తెచ్చాము. మా ఆరేళ్ళ పాప, పదేళ్ళ బాబు వాటిని వదలడం లేదు. చెవులు పట్టుకొని ఎత్తబోతే ఒకటి పాప చేతిని గీరింది. వారం కిందట ఇంకొకటి ఈనింది; తల్లి కూనల దగ్గరికే పోవడం లేదని, అది తన పెంటికలు తానే తింటోందని పిల్లలు బెంగ పెట్టుకున్నారు. వారికి ఏమని చెప్పాలి? – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, కుందేలు భయంతోనే గీరిందని ముందుగా పాపకు చెప్పండి. గద్దకు, నక్కకు, కుక్కకు ఆహారమయ్యే జంతువు కాబట్టి, పైనుంచి దిగివచ్చే చెయ్యి దానికి గద్ద కాళ్ళలాగే తోస్తుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల వెనక జరిగేది కూడా కనిపెట్టగలదు గానీ, సరిగ్గా మూతి ముందున్న దానిని చూడలేదు. అందువల్ల పిల్లలిద్దరినీ తలుపు వేసిన గదిలో నేలమీద కూర్చోబెట్టి, కుందేలును వదిలి, అది తానుగా వచ్చి వారి పాదాలను వాసన చూసేదాకా కదలకుండా ఉండమనండి. మొదటి రోజు రాకపోవచ్చు, మూడో రోజూ రాకపోవచ్చు. దగ్గరికి వచ్చాక పక్కనుంచి చెయ్యి చాచి నుదురు, వీపు నిమరవచ్చు. వెనక కాలితో నేలను దబ్బున కొట్టిందంటే బెదిరిందని అర్థం, అప్పుడు వదిలివేయాలి.

చెవులు పట్టి ఎత్తడం ఈ రోజు నుంచే మాన్పించండి. చెమట పట్టని ఈ జంతువు ఒంటిలోని వేడిని ఎక్కువగా చెవులలోని రక్తనాళాల ద్వారానే బయటికి పంపుతుంది. మీ జిల్లా ఎండలలో ఆ చెవులే దానికి ఆధారం. ఎత్తవలసి వస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి పిరుదుల కింద ఉంచి ఒంటికి ఆనించుకోవాలి. వెనక కాళ్ళు బలమైనవి, వెన్నెముక సున్నితమైనది. ఆసరా లేకుండా గాలిలో తన్నుకుంటే నడుము విరిగి కాళ్ళు పడిపోతాయి. కాబట్టి మీ బాబుకు మీరు దగ్గరుండి నేర్పవచ్చు గానీ, పాప మాత్రం ఒడిలో కూర్చోబెట్టుకోవడమే తప్ప ఎత్తకూడదు.

కూనల విషయంలో బెంగ అవసరం లేదు. తల్లి కుందేలు సాధారణంగా రోజుకు ఒక్కసారే, అదీ రాత్రివేళో తెల్లవారుజామునో, నాలుగైదు నిమిషాలు మాత్రమే పాలిచ్చి వెళ్ళిపోతుంది. వాసన పట్టి శత్రువులు గూటిని కనిపెట్టకుండా దూరంగా ఉండటమే దాని రక్షణ. తన పొట్ట మీది బొచ్చును పీకి గూటిలో పరిచినది ఆ తల్లేనని పిల్లలకు చూపించండి. ఉదయం పూట మీరు చేతులు కడుక్కొని చూసినప్పుడు కూనల పొట్టలు గుండ్రంగా, చర్మం ముడతలు లేకుండా ఉంటే పాలు అందుతున్నట్టే. వెంట్రుకలు లేకుండా, మూసిన కళ్ళతో పుట్టిన కూనలు 10–12 రోజులకు కళ్ళు తెరుస్తాయి, మూడు వారాలకు గూడు దాటి వస్తాయి. పిల్లలు వాటిని తాకడం అప్పటిదాకా ఆగాలి. గూటికి చీమలు పట్టకుండా పంజరం కాళ్ళను నీటి గిన్నెలలో ఉంచండి.

పెంటికలు తినడం కూడా రోగం కాదు. గట్టి పెంటికలు కాక, పెద్దపేగు మొదట్లో పులిసిన మెత్తని పెంటికలను కూడా కుందేలు విసర్జించి, మలద్వారం దగ్గరే నోటితో అందుకొని మింగుతుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి అలా దక్కుతాయి. ఆవు నెమరు వేయడాన్ని రోజూ చూసే పల్లె పిల్లలకు దీనిని వివరించడం కష్టం కాదు.

మీ ప్రాంతంలో చెవులపిల్లి అనే అడవి కుందేలు వేరే జాతి. దాని కూనలు వెంట్రుకలతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. పొలంలో దొరికితే పిల్లలు ఇంటికి తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం నేరం.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఈ కూనలు సుమారు మూడు నెలలకు రెండు కిలోల బరువుకు వచ్చి మాంసానికి వెళ్ళవలసినవి. పిల్లలు పేర్లు పెట్టుకొని ఒడిలో పెంచిన దానిని వారు బడికి వెళ్ళినప్పుడు అమ్మివేసి, తప్పిపోయిందని చెప్పకండి. ఒక ఆడ కుందేలును ఇప్పుడే వారిదిగా వేరుచేసి, ఎప్పటికీ అమ్మబోమని మాట ఇచ్చి, మిగిలినవి ఎందుకు పెంచుతున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోళ్ళు, మేకలు ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలు ఈ తేడాను అర్థం చేసుకోగలరు.

ఆ కుందేలుకు మేత వేయడం, నీళ్ళు మార్చడం పాపకు అప్పగించవచ్చు. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి నమిలి అరగదీసుకోవడానికి గడ్డి ఎప్పుడూ ఉండాలి. లూసర్న్, దశరథ గడ్డి, అలసంద ఆకు మంచివి, బిస్కెట్లు, మిఠాయిలు కూడదు. గజ్జి, తామర కుందేలు నుంచి మనిషికి అంటుకుంటాయి కాబట్టి తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చెవులలో పొక్కులు, ఒంటిమీద బొచ్చు రాలిన మచ్చలు కనిపిస్తే పిల్లలను దూరంగా ఉంచి పశువైద్యుని సంప్రదించాలి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులను నోటి ద్వారా వేయకండి; అవి పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి కుందేలు ప్రాణం తీయగలవు. ఒక్క పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర స్థితే; రోజూ మేత వేసే పాపకే ఆ తేడా ముందుగా కనిపిస్తుంది గనుక, వెంటనే మీకు వచ్చి చెప్పమని ఆమెకు నేర్పి ఉంచండి.