వంతెన దగ్గరే ఆగిపోకురా

చి. హరికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. బ్యాంకాక్‌లో పొద్దున్నే వ్యాన్ ఎక్కడం, ఫ్లోటింగ్ మార్కెట్, క్వాయ్ నది వంతెన మీద ఫొటోలు, పది నిమిషాల రైలు, ఏనుగులకి అరటిపళ్లు, రాత్రికి మళ్లీ హోటల్. ఇంకా డబ్బు కట్టలేదన్నావు కాబట్టి చెప్తున్నా, మానెయ్. ఆ వంతెన ఉన్న లైను రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో, కూలీలతో వేయించిన థాయ్‌లాండ్–బర్మా రైల్వే. దాన్ని చూడాలంటే వంతెన ఉన్న ఊరు కాంచనబురిలో రెండు రాత్రులైనా ఉండాలి. ఉద్యోగం అంతా పట్టాల వెంట నడిచినవాణ్ణి, నా మాట కాస్త విను.

అందరూ వంతెన వంతెన అంటారు గానీ, అది 415 కిలోమీటర్ల లైనులో ఒక చిన్న ముక్క. జపాన్ సైన్యం 1942లో సింగపూర్‌ని పడగొట్టింది, బర్మానీ పట్టుకుంది. బర్మాలో ఉన్న సైన్యానికి సరుకు చేరాలంటే మలక్కా జలసంధి చుట్టూ ఓడల్లో రావాలి, అక్కడేమో సబ్‌మెరైన్ల భయం. అందుకని థాయ్‌లాండ్‌లో బాన్ పాంగ్ నుంచి బర్మాలో థన్‌బ్యుజయత్ దాకా అడవిలోంచి, కొండల్లోంచి మీటర్ గేజ్ లైను వేయించారు. ఆ ఏడు మధ్యలో పని మొదలైతే, 1943 అక్టోబరు 17న రెండు వైపుల పట్టాలూ కలిశాయి. కొన్ని పట్టాలు మలయా తూర్పు తీరం లైను పీకి తెచ్చినవే. ఇంత లైనుకి సర్వే, మట్టి పని, వంతెనలు, లింకింగ్ (పట్టాలు పరిచి బిగించడం) అంతా ఏడాదిన్నర లోపు అయిపోయిందంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మరు. ఎలా అయిందో కింద చెప్తాను.

ముందు స్టేషన్ సంగతి. బ్యాంకాక్‌లో కొత్తగా కట్టిన పెద్ద స్టేషన్‌కి వెళ్లకండి. మీ రైలు థొన్‌బురి అనే చిన్న స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. అది చావో ఫ్రాయా నదికి అవతలి గట్టున, సిరిరాజ్ ఆసుపత్రి దగ్గర. పొద్దున ఎనిమిది లోపు ఒకటి, మధ్యాహ్నం రెండు లోపు ఒకటి, రోజుకి ఈ రెండే. టైములు మారుతుంటాయి, ముందురోజు ఒకసారి కనుక్కో. రిజర్వేషన్ లేదు, అంతా థర్డ్ క్లాసే. విదేశీయులకి ఎంత దూరమైనా ఒకటే టికెట్టు, 100 బాత్ ఉండేది. ఏసీ ఉండదు. పైన ఫ్యాన్లు, పక్కన తెరిచిన కిటికీలు. మన గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో ప్యాసింజర్ ఎలా ఊగుతూ పోయేదో, ఇదీ అలాగే పోతుంది. డిసెంబరు కాబట్టి ఎండ బాధ ఉండదు. అదే ఏప్రిల్ అయితే మీ అమ్మని ఆ బండి ఎక్కించవద్దనేవాణ్ణి.

కాంచనబురిలో దిగగానే వంతెనకి పరిగెత్తకండి. సామాను గదిలో పడేసి, స్టేషన్‌కి దగ్గర్లోనే ఉన్న యుద్ధ శ్మశానానికి నడవండి. దాదాపు 7 వేల సమాధులు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులవి. పచ్చటి గడ్డిలో వరసలు వరసలుగా పొట్టి రాళ్లు, ఒక్కో రాయి మీద కంచు ఫలకం. పేరు, దళం, చనిపోయిన తేదీ, వయసు, కొన్నింటి మీద ఇంటివాళ్లు రాయించిన ఒక వాక్యం. నాలుగు అడుగులు వేసి ఫొటో తీసుకుని వచ్చేయడం కాదు, ఒక వరస పట్టుకుని చివరిదాకా చదువు. తేదీలు చూడు. 1943 జూన్, జూలై, ఆగస్టు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అవి వాన నెలలు. పని తొందరగా ముగించమని పైనుంచి ఒత్తిడి, క్యాంపుల్లో కలరా, విరేచనాలు, మలేరియా, తిండి గుప్పెడు అన్నం. వయసులు నీ కంటే చిన్నవి. ప్రవేశ ద్వారం భవనంలో అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు ఉంటాయి. థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో పూడ్చినవాళ్లు వాళ్లు. చాలామంది ఆ గోడ వైపు చూడకుండానే లోపలికి పోతారు.

పక్కనే థాయ్‌లాండ్–బర్మా రైల్వే సెంటర్ అని మ్యూజియం ఉంది. ఊళ్లో మ్యూజియంలు చాలానే ఉన్నాయి, ఈ ఒక్కటీ చూస్తే చాలు. లైను మొత్తం నమూనా, క్యాంపులు ఎక్కడెక్కడ ఉండేవో, ఏ వాగు మీద ఎలాంటి వంతెన కట్టారో అన్నీ అర్థమయ్యేలా పెట్టారు. ఇది చూశాకే రైలెక్కండి, కిటికీలోంచి కనిపించేది తెలుస్తుంది.

ఇక్కడ నీకు ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. యుద్ధఖైదీలు 60 వేల పైచిలుకు పనిచేస్తే 12 వేల పైచిలుకు పోయారు. వాళ్లతో పాటు ఆసియా కూలీలు సుమారు 2 లక్షల మంది ఉండేవాళ్లు. బర్మావాళ్లు, మలయావాళ్లు, జావావాళ్లు, మలయా రబ్బరు తోటల్లో పనిచేసే మన దేశంవాళ్లు. ఆ కూలీల్లో పోయినవాళ్లు దాదాపు 90 వేలని అంచనా. అంచనా అనే అనాలి, ఎందుకంటే ఎవరూ లెక్క రాయలేదు. సైనికులకి వాళ్ల ఆఫీసర్లు, డాక్టర్లు ఉన్నారు. ఎవరు ఎప్పుడు పోయిందీ దొంగచాటుగానైనా రాసి పెట్టుకున్నారు. తోట కూలీకి ఎవరున్నారు? మంచి కూలి ఇస్తాం, కొన్నాళ్లే పని అని చెప్పి తీసుకెళ్లారు, రానివాళ్లని పట్టుకుపోయారు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు. విశాఖ, గంజాం, గోదావరి వైపుల నుంచి మలయా తోటలకి వలసపోయిన తెలుగువాళ్లూ అందులో ఉన్నారు. ఆ శ్మశానంలో వాళ్లకి ఒక్క రాయి కూడా లేదు. వంతెన దగ్గర 1944లో జపాన్ సైన్యమే కట్టించిన స్మారక స్తంభం ఒకటి ఉంది, దాని చుట్టూ పలకల మీద రకరకాల భాషలు. తమిళం కనిపిస్తుంది చూడు. టూరు వ్యాన్లు అక్కడ ఆగవు.

గైడ్లు స్లీపర్‌కొక (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెకొక) ప్రాణం పోయింది అంటారు. నమ్మకు, అది లెక్కకి నిలవదు. అంత పొడవు లైనుకి స్లీపర్లు ఐదారు లక్షలు ఉంటాయి. సరైన లెక్క కావాలంటే లక్ష మందిని 415 కిలోమీటర్ల మీద పరిచి చూడు. నాలుగు మీటర్లకి ఒకరు. నీ నడకకి ఐదారు అడుగులు.

వంతెన చూడొద్దని నేననడం లేదు. పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే జనం. ఆ ఇనుప గడ్డర్లు జావా నుంచి తెచ్చినవి. పైభాగం వంపు తిరిగి ఉన్నవి అసలువి. మధ్యలో రెండు మాత్రం కోణాలుగా ఉంటాయి. మిత్రపక్షాల విమానాలు బాంబులేసి కూల్చిన వాటి స్థానంలో యుద్ధం తర్వాత పెట్టినవి. నడవడానికి చెక్కలు పరిచారు, పక్కన అక్కడక్కడా నిలబడే గూళ్లున్నాయి. రైలు కూత వినపడగానే ఆ గూట్లోకి వెళ్లి నిలబడండి, సెల్ఫీ కోసం పట్టాల మధ్య ఉండొద్దు. ప్రపంచానికి దీన్ని తెలియజేసిన హాలీవుడ్ సినిమా ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ తీసింది సిలోన్‌లో. నిజానికి అప్పట్లో ఈ నది పేరు కూడా వేరు, మే క్లాంగ్. సినిమా చూసి వచ్చే టూరిస్టులు క్వాయ్ ఏదని అడుగుతుంటే 1960లలో ఈ పాయకి క్వాయ్ యాయ్ అని పేరు పెట్టేశారు.

రెండో రోజు అసలు ప్రయాణం. కాంచనబురి నుంచి నామ్ టోక్ దాకా 77 కిలోమీటర్లు, రెండు గంటల పైన పడుతుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. ఇది మరిచిపోవద్దు, టూరిస్టు గుంపులు వంతెన స్టేషన్‌లో ఎక్కి ఆ సీట్లన్నీ పట్టేస్తారు. మీరు ఒక స్టేషన్ ముందు, కాంచనబురిలోనే ఎక్కుతారు కాబట్టి దొరుకుతాయి. చెరుకు తోటలు, కర్రపెండలం చేలు, కొండలు. తర్వాత థామ్ క్రసే వస్తుంది. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క కింద క్వాయ్ నోయ్ నది, మధ్యలో కొండని ఆనుకుని చెక్క దిమ్మెల మీద నిలబెట్టిన వంతెన, పొడవు 300 మీటర్ల దాకా. బండి మనిషి నడిచే వేగానికి దిగిపోతుంది. చెయ్యి బయటపెడితే రాయి తగిలేలా ఉంటుంది, పెట్టొద్దు. చక్రం దాటుతున్నప్పుడు చెక్కలు మూలిగే చప్పుడు నాకైతే తెలిసిన చప్పుడే. మీ ఆవిడ భయపడితే చెప్పు, ఆ దిమ్మెలు అప్పటివి కావు, ఎప్పటికప్పుడు మార్చి బాగు చేస్తూనే ఉంటారు.

నామ్ టోక్‌తో రైలు అయిపోతుంది. అప్పటి లైనులో ఇప్పటికీ బండి నడిచేది 130 కిలోమీటర్లే. మిగతాది పీకేశారు, కొంత రిజర్వాయరు కింద మునిగింది. పట్టాలు కలిసిన కొన్‌కొయిటా కూడా నీళ్ల కిందే ఉంది. అందుకని అక్కడి నుంచి సంగ్‌క్లాబురి వైపు పోయే బస్సో, మాట్లాడుకున్న టాక్సీనో పట్టుకుని, లైను కోసం కొండని చీల్చిన హెల్‌ఫైర్ పాస్‌కి వెళ్లండి, అరగంట కూడా పట్టదు. మూడు పగోడాల కనుమ దాకా పోయి సరిహద్దు దాటి బర్మా వైపు లైను చూద్దామని మాత్రం ఆలోచన పెట్టుకోకు, ఆ దారి మనకి లేదు.

హెల్‌ఫైర్ పాస్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే కేంద్రం ఉంది, టికెట్టు లేదు, ఆడియో పరికరం కూడా ఊరికే ఇస్తారు. సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు, మధ్యాహ్నానికల్లా చేరండి. మెట్లు దిగితే కట్టింగు. కొండని నిలువునా చీల్చారు, ఎత్తైన చోట 25 మీటర్ల దాకా. 1943 ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆగస్టుకల్లా అవగొట్టారు. ఒకడు ఉక్కు ఊచ పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి, అలా రంధ్రం లోతుగా దిగాక మందు పెట్టి పేల్చాలి, ముక్కలు చేతులతో ఏరి గంపల్లో మొయ్యాలి. మాకు కంప్రెసర్లు ఉన్నా రాతి కట్టింగంటే గ్యాంగ్‌మెన్ మొహాలు వాడిపోయేవి. వీళ్లు రోజుకి 18 గంటల దాకా, రాత్రి వెదురు మంటల వెలుగులో చేశారు. గోడల మీద చెయ్యి పెట్టి చూడు, నిలువుగా సగం గొట్టాల్లా గాడులు ఉంటాయి. అవి ఆ ఊచల రంధ్రాలే. ఒకచోట విరిగిన ఊచ రాతిలోనే ఇరుక్కుపోయి ఉంది. ఆ కట్టింగులో కాసేపు ఫోన్ లోపల పెట్టుకోండి. ఇంకా ముందుకి హింటోక్ వైపు కాలిబాట నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది, నువ్వూ మీ ఆవిడా నడవండి. నీళ్లు, బూట్లు తప్పనిసరి. మీ అమ్మని మెట్లు దింపకు. దిగడం తేలికే, ఎక్కేటప్పుడు ఆ మోకాళ్లతో ఏడుస్తుంది. పైన కేంద్రం వెనక లోయ కనిపించేలా వరండా ఉంది, అక్కడ కూర్చోబెట్టి వెళ్లండి.

తిండి గురించి మీ అమ్మకి టెన్షన్ ఉంటుందని తెలుసు. కూరల్లో నామ్ ప్లా అని, చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం వేస్తారు, కూరగాయల వేపుడులో కూడా. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో బోర్డున్న అంగడి చూడండి, అక్కడ చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. రైల్లో గంపలతో ఎక్కేవాళ్ల దగ్గర పచ్చిమామిడి ముక్కలు, ఉప్పుకారం దొరుకుతాయి, భయం లేకుండా తినొచ్చు. కారప్పొడి, కొంచెం ఆవకాయ పట్టుకుపోతే ఏ అన్నమైనా దిగుతుంది.

తిరుగు బస్సులు సాయంత్రానికి తగ్గిపోతాయి, రోడ్డు మీద ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. హెల్‌ఫైర్ పాస్ కేంద్రం వాళ్లని ఆఖరి బస్సు టైము అడిగిన తర్వాతే లోపలికి వెళ్లండి. మీ అమ్మ మోకాలి బెల్టు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టించు.

ఇట్లు
మామయ్య