కొండకర్ల ఆవకి వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి విశాఖ దగ్గరి మంచినీటి సరస్సు కొండకర్ల ఆవని ఎంచుకున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. టైట్రేషన్, అంటే చుక్కచుక్కగా మందు వేసి ఆక్సిజన్ ఎంతుందో లెక్కకట్టడం, మీ మేడమ్ నేర్పుతారు. నేను రాసేది అంతకుముందు జరిగే పని గురించి. నీటిలో ఆక్సిజన్ లెక్క చాలావరకు చెరువు దగ్గరే తప్పుతుంది, ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తపడినా ఆ తప్పు దిద్దలేం.

అన్నిటికంటే ముందు నోట్‌బుక్‌లో టైమ్ రాయి. పగలు నాచు, నీటిమొక్కలు ఎండకి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా అవే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో బాగా పెరుగుతుంది. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరిగి నిలిచేది లీటరుకి దాదాపు 7.5 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం నీకు 10 వచ్చిందనుకో, ఆక్సిజన్ కొలిచే మీటర్ పాడైందని టెన్షన్ పడకు, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని సంబరపడకు. నాచు విపరీతంగా పెరిగినా అలాగే వస్తుంది, అలాంటి నీళ్ళలోనే వేకువన చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతాయి. చేపలకి, వన్యప్రాణులకి కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గీత గీసింది. ఆ గీతకి సరిచూడాల్సింది వేకువ రీడింగునే. విశాఖ నుంచి పొద్దున బస్సెక్కితే ఆ సమయం దొరకదు. ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరండి, ఒంటరిగా మాత్రం వద్దు.

గుర్రపుడెక్క కమ్మేసిన చోటు వేరు, తామరల మధ్య వేరు, ఖాళీ నీళ్ళు వేరు. మూడింటినీ కలిపి సగటు తీయకు. గుర్రపుడెక్క కింద వెలుతురు పడదు, గాలి సోకదు, పైగా రాలిన ఆకులు అడుగున కుళ్ళుతుంటాయి. తాటిదోనె ఆగాక కాసేపు కదలకుండా కూర్చోండి, దోనె నడిపే ఆయన్ని తెడ్డు వెయ్యొద్దని అడుగు. కదిలిపోయిన నీళ్ళు నువ్వు కొలవాలనుకున్న నీళ్ళు కావు.

బాటిల్ నింపేటప్పుడు ట్యూబు అడుగుదాకా దించి, బాటిల్ పట్టేదానికి రెండు మూడింతలు నీళ్ళు పొర్లిపోనివ్వు. మూత పెట్టి తలకిందులు చేసి చూడు. ఆవగింజంత బుడగ కనిపించినా పారబోసి మళ్ళీ నింపు. ఆ వెంటనే, దోనెలో కూర్చునే, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ అనే రెండు మందులూ రెండేసి మిల్లీలీటర్లు, పిపెట్ మొన నీళ్ళలో మునిగేలా పెట్టి వదులు. మూత బిగించి ఊపితే మడ్డిలాంటిది ఏర్పడి మెల్లగా కిందికి దిగుతుంది. దాన్ని వెలుతురుకి పెట్టి చూడు. ముదురు గోధుమరంగైతే ఆక్సిజన్ బాగా ఉంది, తెల్లగా ఉండిపోతే దాదాపు లేనట్టే. గుర్రపుడెక్క కింద తీసిన బాటిల్, ఖాళీ నీళ్ళలో తీసిన బాటిల్ పక్కపక్కన పెడితే రిపోర్టు రాయకముందే సగం సంగతి తెలిసిపోతుంది. 1888లో వింక్లర్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన ఈ పద్ధతి అంటే నాకు ఇప్పటికీ ఇష్టం. మీటర్ ఉన్నా సరే, రోజుకి ఒకటి రెండు బాటిళ్ళు ఇలా చేసి మీటర్‌తో పోల్చుకో. మడ్డి దిగాక ఆమ్లం పోసి కరిగించి, చీకట్లో ఉంచి, అదేరోజు టైట్రేషన్ ముగించు.

బీఓడీకి, అంటే సూక్ష్మజీవులు మురికిని తింటూ ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చూసే పరీక్షకి, తీసిన నీళ్ళలో మాత్రం ఆమ్లం వేయకు. ఐస్‌పెట్టెలో పెట్టి సాయంత్రంలోగా ల్యాబ్‌కి చేర్చు. మన దేశంలో ఆ బాటిళ్ళని ఇన్‌క్యుబేటర్‌లో, అంటే వేడి మారకుండా ఉంచే పెట్టెలో, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. చాలా పుస్తకాల్లో 20 డిగ్రీలు, ఐదు రోజులు అని ఉంటుంది. ఏది చేశావో రాయకపోతే ఆ అంకెని ఎవరూ వాడుకోలేరు. ఇన్‌క్యుబేటర్‌లో వెలుతురు పడకూడదు, పడితే బాటిల్లోని నాచు ఆక్సిజన్ తయారుచేసి లెక్క చెడగొడుతుంది. ఒక్క డైల్యూషన్‌తో, అంటే శాంపిల్‌ని ఒకే పాళ్ళలో పలచన చేసి, సరిపెట్టుకోకు. ఆక్సిజన్ కనీసం 2 తగ్గి, చివరికి కనీసం 1 మిగిలిన బాటిళ్ళనే లెక్కలోకి తీసుకో.

సీఓడీ, అంటే నీళ్ళలోని మురికిని మందులతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క, ఎక్కువగా, బీఓడీ తక్కువగా వస్తే వెంటనే ఫ్యాక్టరీ నీళ్ళు కలిశాయని రాసేయకు. ఆవలో ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకూ అలమూ ఉంటుంది, దాన్ని సూక్ష్మజీవులు అంత తొందరగా తినలేవు. చుట్టుపక్కల ఏ కాలువలు కలుస్తున్నాయో నడిచి చూశాకే మాట్లాడు.

పోలిక కోసం ఎయిర్‌పోర్టు వైపు మేఘాద్రి గెడ్డ మడచెట్ల దగ్గరకి కూడా వెళ్తానన్నావట. అక్కడ పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కుతాయి. ఉప్పు పెరిగేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి మీటర్‌లో ఉప్పు సవరణ పెట్టుకో, నోట్‌బుక్‌లో పోటో పాటో రాసుకో. ఉప్పులోని క్లోరైడ్ సీఓడీని లేనంత ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆ పరీక్ష మేడమ్ పక్కనుండగానే చెయ్యి.

వాడిన మందునీళ్ళు ఆవలో గానీ సింకులో గానీ పోయకు. అజైడ్ విషం, ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. మూతున్న క్యాన్ ఒకటి వెంట తీసుకెళ్ళు, నిండాక ల్యాబ్‌లో అప్పగించు.

మొదటి విడత అయ్యాక నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపు, కూర్చుని చూస్తాను.

నీ మావయ్య