దేవమాలి ఎక్కడానికి మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 52. బరంపురంలో ఉంటాం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. డిసెంబరులో మా అబ్బాయి, వాడి స్నేహితులతో కలిసి కోరాపుట్ అడవుల్లో నడిచి, రెండు రాత్రులు టెంటులో ఉండి దేవమాలి ఎక్కాలనుకుంటున్నాం. అంత ఎత్తులో ఊపిరి ఆడదని, ముందే డయామాక్స్ వేసుకోమని ఒకాయన చెప్పారు. వేసుకోవచ్చా? మోకాళ్లు కూడా కాస్త నొప్పి.

జవాబు: ఆ మాత్ర మీకు అక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాకే కనబడుతుంది. దేవమాలి ఒడిశా అంతటికీ ఎత్తైన శిఖరమే అయినా 1672 మీటర్లే. పైగా డయామాక్స్ వేసుకుంటే మూత్రం ఎక్కువవుతుంది. ఆ చలిలో టెంటు జిప్పు తీసుకుని నాలుగుసార్లు బయటికి వెళ్లడం దేనికి చెప్పండి! అయితే ఇంట్లో మెట్లెక్కినా ఛాతీ పట్టేసినట్టు ఉంటే మాత్రం ముందు గుండె డాక్టర్‌కి చూపించుకోండి, కొండ సంగతి ఆ తర్వాత.

మీ విషయంలో నాకు టెన్షన్ గ్లిమిపిరైడ్ గురించే. రోజంతా బరువు మోసుకుంటూ నడిస్తే షుగర్ అప్పుడే కాదు, అర్ధరాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. నడిచే రోజుల్లో మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. సొంతంగా మానేయవద్దు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకి మళ్లీ షుగర్ చూసుకోవాలి. బిస్కెట్లు అంత త్వరగా పనిచేయవు. ఈ సంగతి మీకు తెలిస్తే చాలదు, పక్కన పడుకునే మీ అబ్బాయికి తెలియాలి.

మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మహేంద్రగిరి దిగొచ్చాక నేను మూడు రోజులు మా ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగాను! చేతికర్ర పట్టుకోండి, బ్యాగు మీ బరువులో పదో వంతు దాటనివ్వకండి, బూట్లు నెల ముందే కొని వాడండి. అరికాళ్లలో పొక్కులు లేచాయేమో రోజూ రాత్రి టార్చి వేసి చూసుకోండి. నీళ్లు సరిగ్గా తాగకుండా నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలకి దెబ్బ.

ఇక అసలు ముప్పు దోమ. కోరాపుట్, రాయగడ కొండల్లో మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకి కూడా ఎక్కుతుంది. చలికాలం కదా అని తేలిగ్గా తీసుకోకండి. చీకటి పడేలోపు ఫుల్ చేతుల చొక్కా, దోమల క్రీము, మందు పట్టించిన దోమతెర తప్పనిసరి. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్ర రోజుకు 100 మిల్లీగ్రాములు, వెళ్లే 2 రోజుల ముందు నుంచి తిరిగొచ్చాక 4 వారాల దాకా వాడే పద్ధతి ఉంది. అది మీకు సరిపడుతుందో లేదో మీ డాక్టరే తేల్చాలి.

గడ్డిలో నేరుగా పడుకోవద్దు, బట్టలు ఆరేయవద్దు. అక్కడుండే సన్న పురుగుల (మైట్స్) పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది చూసుకోరు.

వచ్చాక నెల రోజుల్లోపు జ్వరం తగిలితే పారాసెటమాల్ మింగి కూర్చోకుండా ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి. అడవిలో పడుకుని వచ్చానని డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.