మసక నీళ్లలో చిన్న ప్రాణుల ఫోటోలు

ప్రశ్న: రుషికొండ దగ్గర స్కూబా డైవ్ చేస్తుంటాను. నా దగ్గర సోనీ ఆర్‌ఎక్స్ 100 మొదటి మోడల్, దానికి హౌసింగ్ (నీళ్లు చొరబడని పెట్టె) ఉన్నాయి. రాళ్ల మీద పాకే గుల్లలేని నత్తలు, చిన్న రొయ్యలు ఫోటోలో చుక్కల్లా వస్తున్నాయి. దగ్గరికి వెళ్తే ఫోకస్ అవ్వడం లేదు. +15 మాక్రో లెన్స్ (హౌసింగ్ ముందు బిగించే భూతద్దం, అంకె దాని బలం) కొందామనుకుంటున్నాను. లేక ఇది అమ్మేసి ఒలింపస్ టీజీ-6 తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కెమెరా అమ్మకండి. +15 కూడా ఇప్పుడే వద్దు, +6 తీసుకోండి.

మీ కెమెరా వైడ్‌లో, అంటే జూమ్ లాగకుండా, 5 సెం.మీ. దాకా ఫోకస్ అవుతుంది. అందులో కొంత హౌసింగ్‌లోనే పోతుంది కాబట్టి నత్త దాదాపు అద్దానికి ఆనుకోవాలి, అప్పుడు దాని మీద వెలుగే పడదు. జూమ్ చివరిదాకా లాగితే 55 సెం.మీ. దూరంలో ఉండాల్సిందే. మాక్రో లెన్స్ తగ్గించేది ఈ 55నే. అందుకే దాన్ని జూమ్ పూర్తిగా లాగి వాడాలి.

ఎంత దూరందాకా ఫోకస్ అవుతుందో తెలియాలంటే 100ని లెన్స్ మీది అంకెతో భాగించండి, సెంటీమీటర్లలో వస్తుంది. +6కి సుమారు 17. మీ కెమెరాతో దగ్గరి హద్దు దాదాపు 13. అంటే ముందుకీ వెనక్కీ మూడు నాలుగు సెంటీమీటర్ల జాగా ఉంటుంది. +15కి ఆ జాగా సెంటీమీటరు కూడా ఉండదు. అల ఊపుకి మీరూ కదులుతారు, రొయ్యా కదులుతుంది. టెన్షన్ తప్ప ఫోటో రాదు. +6తోనే మూడు సెం.మీ. నత్త ఫ్రేములో సగం నిండుతుంది, మొదట్లో అది చాలు.

టీజీ-6 మంచి కెమెరానే. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్‌కి 1 సెం.మీ. దూరంలో ఉన్నదాన్నీ పట్టేస్తుంది, వేరే లెన్స్ అక్కర్లేదు. కానీ మీ ఆర్‌ఎక్స్ సెన్సర్ దానికన్నా చాలా పెద్దది. చేతిలో ఉన్నదాన్ని ఎందుకు వదులుకోవాలి?

కొనేముందు హౌసింగ్ ముందు భాగంలో 67 మి.మీ. మర ఉందో లేదో చూడండి. లేకపోతే అడాప్టర్ కావాలి. లెన్స్‌కి తాడు కట్టుకోండి. నీళ్లలో దిగాక లెన్స్‌ని కాస్త వదులు చేసి, లోపల చిక్కిన బుడగలు పోయాక బిగించండి. ఒక్క బుడగ మిగిలినా ఫోటో మధ్యలో మచ్చ పడుతుంది.

కెమెరా ఫ్లాష్‌కి లెన్స్ అడ్డొచ్చి నీడ పడుతుంది, కాబట్టి పక్క నుంచి ఒక టార్చ్ గానీ స్ట్రోబ్ (నీళ్లలో వాడే విడి ఫ్లాష్) గానీ పెట్టాలి. ఎరుపు రంగు పైనున్న కొద్ది మీటర్లలోనే నీళ్లు పీల్చేసుకుంటాయి. నత్త అసలు రంగు కళ్లకు కట్టేది ఈ వెలుగులోనే. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉంచండి. ఫోకస్ ఒకసారి కుదిరాక బటన్ సగం నొక్కి పట్టుకుని, మీరే మెల్లగా ముందుకు జరుగుతూ నత్త తల మీది రెండు కొమ్ములు స్పష్టంగా కనబడగానే క్లిక్ చేయండి. పైనుంచి కాదు, దాని ఎత్తుకి దిగి తీయండి.

విశాఖ నీళ్లు మసకని చాలామంది అండమాన్ వెళ్లేదాకా కెమెరా తీయరు. మాక్రోకి ఆ బెంగ అక్కర్లేదు. మీకూ నత్తకీ మధ్య జానెడు నీళ్లు కూడా ఉండవు. అయితే ఆ జానెడు కోసం రాయినో పగడాన్నో పట్టుకోకండి. తేలడం మీద పట్టు వచ్చేదాకా కెమెరా ఒడ్డునే ఉండనివ్వండి. సముద్ర గుర్రం (సీహార్స్) కనబడితే రెండు మూడు ఫోటోలు తీసి టార్చ్ పక్కకి తిప్పేయండి, అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. బయటికి రాగానే లెన్స్‌నీ హౌసింగ్‌నీ మంచినీళ్లలో నానబెట్టండి. మరలో ఉప్పు గడ్డకట్టిందంటే లెన్స్ ఊడి రాదు.