వానల్లో రోజూ సైకిల్ తొక్కేటోళ్లకు ఏ రిమ్ము మన్నుతది?

తమ్మీ, హనుమకొండ నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా రోజూ సైకిల్ మీదనే పోతానన్నవు. రెండు వానకాలాలకే వెనక రిమ్ము తుప్పు తిన్నదన్నవు, తడిస్తే బ్రేకు కూడా పట్టట్లేదన్నవు. మళ్ల స్టీలే వేయించాల్నా, అల్లాయ్‌కు, అంటే అల్యూమినియం రిమ్ముకు పోవాల్నా అని అడిగినవు. 'అన్నలూ చెప్పండి' అన్నవు కాబట్టి చనువు తీస్కొని తమ్మీ అంటున్న.

నాది కాజీపేట. ఇరవై ఏండ్లకు పైనే అయింది, కొలువుకు వరంగల్ స్టేషన్ దిక్కు సైకిల్ మీదనే పోతున్న. అప్పటి నుంచి మూడు రకాల రిమ్ములు వాడిన, రెండింటిని ఖరాబు చేసిన. ఆ ఖరాబు చేసిన కథలే నీకు పనికొస్తయి.

మొదటిది మామూలు నికెలు మెరుపు స్టీలు రిమ్ము. ఎండలో దానికి వంక పెట్టేదే లేదు. గుంతల్లో పడ్డా బెండు తక్కువ, బెండు వచ్చినా ఏ చెట్టు కింది మేస్త్రీ అయినా తీస్తడు. కానీ ఓ శ్రావణమాసం ముసురులో ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతున్న. ముంగట ఆటో ఆగింది. రెండు బ్రేకులూ గట్టిగ పిసికిన. చక్రం ఆగలే! రబ్బర్లు రిమ్ము మీద సబ్బు రాసినట్టు జారినయి, మూడు నాలుగు తిరుగుళ్లు తిరిగినంక గానీ పట్టు దొరకలే. అప్పటికే నేను ఆటో వెనక సీటుకు తగిలిన, టిఫిన్ డబ్బా మూత ఊడి పప్పంత రోడ్డు మీద పడ్డది. దెబ్బ పెద్దగ తగల్లేదు గానీ ఆటోల కూర్చున్న అవ్వ తిట్టిన తిట్లు ఇంక మర్చిపోలే.

ఆ రోజు దాకా నేను బ్రేకు రబ్బర్లదే తప్పు అనుకున్న. మార్చిన కూడా. తప్పు వాటిది కాదు. స్టీలు రిమ్ముకు పైన క్రోమియం పూత ఉంటది, అద్దం లెక్క నున్నగ. నీళ్లు దాని మీద పొరలెక్క నిలబడితే రబ్బరు పట్టుకోను గరుకు ఏముంటది? అల్యూమినియం అంత నున్నగ ఉండదు, మెత్తటి లోహం, రబ్బరు దాన్ని కొంచెం కొరుకుతది కూడా. అందుకే తడిలో తొందరగ పట్టు దొరుకుతది. దీనికి విరుగుడుగ ఇంగ్లండ్‌ల ఒకప్పుడు స్టీలు రిమ్ముల కోసమని చర్మం అతికించిన బ్రేకు రబ్బర్లు అమ్మేటోళ్లు. మన దుకాణాల్లో నాకైతే ఎన్నడూ కండ్లబడలే.

ఇగ తుప్పు సంగతి. పైపైన కనబడే తుప్పు పెద్ద సమస్య కాదు. పుల్లలు దూరే రంధ్రాల దగ్గర పూత ముందుగాల లేస్తది, నీళ్లు అక్కడి నుంచి లోపలికి పోతయి. టైరు విప్పి, రిమ్ము పట్టీ జరిపి చూడు. పట్టీ కింద గోధుమరంగు పొక్కులు లేచి ఉంటే, వేలితో గోకితే రాలుతుంటే, దాని పని అయిపోయినట్టే. పైన ఎంత మెరిసినా నమ్మకు.

రెండోది అల్లాయ్, సింగిల్ వాల్, అంటే లోపల అడ్డగోడ లేనిది. ఆగుడు మాత్రం అద్భుతంగా ఆగింది, సైకిల్ కూడా తేలికైంది, అల్యూమినియం బరువు స్టీలుల మూడో వంతే కదా. నేను మురిసిపోయి దాన్ని పట్టించుకోవుడు మానేసిన. ఏం జరిగిందంటే, మన దిక్కు వానకు రోడ్డు మీదికి ఇసుక, కంకర పొడి, ఎర్రమట్టి అన్నీ కొట్టుకొస్తయి. ఆ బురద రబ్బరుకూ రిమ్ముకూ నడుమ చేరితే బ్రేకు పట్టినప్పుడల్లా గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. రబ్బర్లలో చిన్న చిన్న మెరుపు ముక్కలు ఇరుక్కుంటయి, చూసినవా? అవి నీ రిమ్ము నుంచి ఊడిన అల్యూమినియమే. అవి మళ్ల రిమ్మునే గీస్తయి. కొన్నేండ్లకు ఓ ఆదివారం ఇంటి ముంగట గాలి కొడుతున్న, టప్పుమని సప్పుడైంది. ట్యూబు పోయిందనుకున్న. చూస్తే రిమ్ము అంచే జానెడు పొడుగు చీలి బయటికి విచ్చుకున్నది. రోడ్డు మీద, అదీ ముందు చక్రానికి అయితే ఏం కావాలె! ఇంటి దగ్గర కావడం నా అదృష్టం.

అందుకే అల్లాయ్ తీసుకుంటే ఈ ఒక్క అలవాటు చేస్కో. ఉక్కు స్కేలు అంచును రిమ్ము పక్క గోడకు నిలువుగ ఆనించి చూడు. నడుమ వెలుతురు కనబడేంత గుంత పడ్డదంటే అరుగుడు బాగానే అయినట్టు. చానా రిమ్ములకు బ్రేకు పట్టే గోడ మీద సన్నటి గాడి గానీ చిన్న చుక్క గుంత గానీ ఉంటది. అది అరిగి మాయమైన రోజు రిమ్ము మార్చాలె. కొనేటప్పుడే ఆ గాడి ఉన్నదా లేదా చూసి కొను. వానకాలంలో వారానికోసారి రబ్బర్లు తీసి, ఇరుక్కున్న ముక్కలు సూదితో పీకి, గుడ్డతో రిమ్ము తుడువు. పది నిమిషాల పని. లేత ఎరుపు రంగు బ్రేకు రబ్బర్లు దొరుకుతయి, తడిలో పట్టు బాగుంటది, రిమ్మును తక్కువ తింటయి. నేను అవే వాడుతున్న. రిమ్ముకు నూనె మాత్రం రాయకు, మా పక్కింటాయన తుప్పు పట్టొద్దని రాసిండు, బ్రేకు లేకుండ గోడకు పోయి గుద్దుకున్నడు.

ఇప్పుడు నడుస్తున్నది డబుల్ వాల్ అల్లాయ్, 36 రంధ్రాలది, స్టెయిన్‌లెస్ పుల్లలు, ఇత్తడి నిప్పిళ్లు, అంటే పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టులు. నువ్వడిగిన దానికి నా జవాబు ఇదే. డబుల్ వాల్ అంటే లోపల ఇంకో అడ్డగోడ ఉంటది, పెట్టె లెక్క. గుంతల దెబ్బకు సులువుగ వంగదు. పుల్లల దగ్గర పైసలు మిగిలించుకోకు. జస్తా పూత పుల్లలు రెండు మూడేండ్లకు నిప్పిల్ దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతయి, అప్పుడు బెండు తీయబోతే తిరగవు, ఇరుగుతయి. రిమ్ము బాగుండి పుల్లలకోసం చక్రం మళ్ల కట్టించుడు నా కండ్లముందు చానామందికి అయింది. చక్రం కట్టించిన రెండు వారాల తర్వాత మళ్లొకసారి మేస్త్రీకి చూపియ్యి, కొత్త పుల్లలు సర్దుకొని జర వదులైతయి.

డబుల్ వాల్‌కు ఒక తంటా ఉన్నది. 2023 జులైల వరదలకు నయీంనగర్, హంటర్ రోడ్డు మునిగినయి కదా, నీళ్లు కొంచెం తగ్గినంక నేను తొందరపడి సైకిల్ దించిన. ఇంటికొచ్చి చక్రం ఎత్తితే లోపల గలగల సప్పుడు! పుల్లల రంధ్రాల నుంచి, వాల్వు రంధ్రం నుంచి నీళ్లు పెట్టెలోకి పోయినయి. టైరు విప్పి, వాల్వు రంధ్రం కిందికి పెట్టి రాత్రంతా దండెం మీద వేలాడదీసిన. చక్రం నడిమి హబ్బు విప్పితే గ్రీజు పెరుగు లెక్క తెల్లగైంది. గోళీలు కడిగి కొత్త గ్రీజు పెట్టించిన. రిమ్ముకు ఏమీ కాలే, హబ్బును వదిలేసుంటే మాత్రం పోయేది.

డిస్క్ బ్రేకు సంగతి నువ్వు అడగలే గానీ ఎవరో ఒకరు కింద తప్పకుండ రాస్తరు. నిజమే, డిస్క్ ఉంటే రబ్బరు రిమ్మును ముట్టనే ముట్టదు, రిమ్ము అరగదు, వానల పట్టు పోదు. కానీ ఉన్న సైకిల్‌కు రిమ్ము మార్చినట్టు మార్చలేవు. ఫోర్కుకు, ఫ్రేముకు బిగించే చోటు ఉండాలె, హబ్బు వేరే కావాలె. అంత ఖర్చుకు కొత్త సైకిలే నయం.

కొనే ముందు కొలత. మోసపోయేది ఇక్కడే. 26 అని ఉన్నవన్నీ ఒకటి కావు, 28 అన్నవీ కావు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-622 లెక్క రెండు అంకెలు ఉంటయి. రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. గేర్ల ఎం.టి.బి. (కొండదారి సైకిల్) రకం 26 అయితే 559, పాత 26 × 1⅜ అయితే 590, 700సి అయితే 622, తాతల నాటి 28 × 1½ నల్ల సైకిల్ అయితే 635. 622 టైరు 635 రిమ్ముకు ఎక్కదు, దుకాణపోడు 'రెండూ 28ఏ' అని అంటడు, ఒప్పుకోకు. పుల్లల లెక్క కూడా చూస్కో. ఆ పాత సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉంటయి. హబ్బు రంధ్రాలు ఎన్నో రిమ్ముకూ అన్నే ఉండాలె.

నీది రాడ్ బ్రేకు, అంటే తీగ బదులు ఇనుప కడ్డీలతో లాగేది అయితే ఇదంతా వదిలెయ్యి. దాని రబ్బర్లు రిమ్ము పక్కన కాదు, లోపలి అంచు మీద కింది నుంచి పైకి పట్టుకుంటయి. రిమ్ము ఆకారమే వేరు. మామూలు అల్లాయ్ రిమ్ము వేస్తే బ్రేకు అందదు. అట్లాంటి దానికి మంచి స్టీలు రిమ్మే వేయించి, ముసురు రోజుల్లో మలుపు రాకముందే రెండు మూడు సార్లు బ్రేకు మెల్లగ తాకించి నీళ్లు తుడుచుకుంటూ పో. మా నాయిన అట్లనే నలభై ఏండ్లు తొక్కిండు.

రేపు టైరు మీది అంకెలు, హబ్బు రంధ్రాల లెక్క రాయి. దాన్ని బట్టి వరంగల్ల పోచమ్మమైదాన్ దిక్కు అడగాల్నో, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్నో చెప్త.